చర్వణకాల మూలనాళాలు: నీడచిత్రం నుంచి త్రిమితీయ చిత్రణ దాకా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మనిషి నోటిలోని పళ్ళలో చర్వణకాల మూలనాళాలు అత్యంత జటిలమైనవి. వాటిని చూడడానికి 19వ శతాబ్దం చివరి నుంచి రెండు మార్గాలు పక్కపక్కనే సాగాయి. ఊడబెరికిన పన్నును కోసి, పోతపోసి, పారదర్శకం చేసి చూసే ప్రయోగశాల మార్గం ఒకటి. నోటిలో ఉన్న పన్నును ఎక్స్-రే నీడగా చూసే వైద్యశాల మార్గం రెండవది. ఈ రెండు మార్గాలు చెప్పిన సత్యాలు చాలాకాలం పొసగలేదని, పైదవడ మొదటి చర్వణకంలోని నాలుగో నాళం చరిత్ర అందుకు ప్రధాన నిదర్శనమని, త్రిమితీయ చిత్రణ ఈ అంతరాన్ని తగ్గించినా పూర్తిగా చెరపలేదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: చర్వణకం, మూలనాళం, ఎక్స్-రే, కోన్ బీమ్ టోమోగ్రఫీ, వైద్యచరిత్ర, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

వైజ్ఞానిక చరిత్రను సాధారణంగా ఆవిష్కరణల వరుసగా చెప్పుకుంటాం. ఫలానా సంవత్సరంలో ఫలానా పరికరం వచ్చింది, అంతకుముందు తెలియనిది ఆ తరువాత తెలిసింది అన్నది ఆ కథన పద్ధతి. దంతవైద్యంలో మూలనాళాల చరిత్ర ఈ పద్ధతికి లొంగదు. ఇక్కడ ఒక విషయం ప్రయోగశాలలో తెలిసి, గ్రంథస్థమై, చికిత్స జరిగే గదిలోకి మాత్రం దశాబ్దాల పాటు రాలేదు. తెలిసినదాన్ని చూపించే సాధనం వైద్యుని చేతిలో లేకపోవడం ఇందుకు ప్రధాన కారణం.

ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు రోగులు. చికిత్సలో ఒక నాళం దొరకకుండా మిగిలిపోతే అందులోని కుళ్ళిన కణజాలం, సూక్ష్మజీవులు అక్కడే ఉండిపోతాయి. నెలలకో, ఏళ్ళకో వేరు కొన దగ్గర చీము చేరి, చికిత్స అయిన పన్నే మళ్ళీ నొప్పి పెడుతుంది. చాలా సందర్భాల్లో ఆ పన్నును తీసివేయవలసి వస్తుంది. కాబట్టి ఒక పన్నులో నాళాలు ఎన్ని అన్న ప్రశ్న శరీరనిర్మాణ శాస్త్రానికి మాత్రమే పరిమితమైనది కాదు.

2. సమస్య స్వరూపం:

పాఠశాల పాఠ్యపుస్తకాలు పళ్ళను కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని నాలుగు రకాలుగా పరిచయం చేస్తాయి. వాడుకలో దవడపళ్ళు అనేవి ఈ చివరి రెండు రకాలు. పన్ను పైభాగాన్ని పింగాణి కప్పి ఉంటుంది. దాని లోపల డెంటిన్, దానికీ లోపల మెత్తని పల్ప్ ఉంటాయి. రక్తనాళాలు, నరాలు ఉండేది ఈ పల్ప్‌లోనే. పన్ను తలభాగంలో గదిలా ఉండే పల్ప్ కుహరం వేర్లలోకి సన్నని దారులుగా సాగుతుంది. ఆ దారులే మూలనాళాలు.

ముందుపళ్ళలో సాధారణంగా ఒక వేరు, ఒక నాళం ఉంటాయి. చర్వణకాల సంగతి వేరు. పైదవడ మొదటి చర్వణకానికి సాధారణంగా మూడు వేర్లు. రెండు బుగ్గవైపు, ఒకటి అంగిలివైపు ఉంటాయి. కిందిదవడ మొదటి చర్వణకానికి ముందొకటి, వెనకొకటిగా రెండు వేర్లు. ముందు వేరులో సాధారణంగా రెండు నాళాలు, వెనక వేరులో ఒకటి లేదా రెండు ఉంటాయి. నాళాలు తిన్నగా సాగవు. వంపులు తిరుగుతాయి, చీలతాయి, మళ్ళీ కలుస్తాయి, పక్కలకు సన్నని శాఖలు వేస్తాయి. రెండు నాళాల మధ్య సన్నని చీలిక వంటి అనుసంధానాలు కూడా ఉంటాయి. అందుకే నేటి శాస్త్రవేత్తలు ఒక్కొక్క నాళాన్ని విడిగా పేర్కొనడం కంటే 'మూలనాళ వ్యవస్థ' అనడానికి మొగ్గు చూపుతారు.

ఈ వ్యాసంలో తరచుగా ప్రస్తావనకు వచ్చేది పైదవడ మొదటి చర్వణకంలో బుగ్గవైపు ఉన్న ముందు వేరు. ఈ వేరు బుగ్గ నుంచి అంగిలి దిశలో వెడల్పుగా, ముందు నుంచి వెనక దిశలో పలచగా ఉంటుంది. ఆ వెడల్పులో ఒక నాళం ఉండవచ్చు, ఒకదాని వెనక ఒకటిగా రెండు కూడా ఉండవచ్చు. రెండు ఉంటే ఆ పన్నులోని మొత్తం నాళాలు నాలుగవుతాయి. ఈ నాలుగో నాళం గురించే దంతవైద్య సాహిత్యంలో అత్యధికంగా చర్చ జరిగింది.

3. ప్రయోగశాల మార్గం: కోత, పోత, పారదర్శకత:

పళ్ళ అంతర్నిర్మాణ అధ్యయనం ఎక్స్-రేకు ముందే మొదలైంది. వియన్నాకు చెందిన గేయోర్గ్ కారబెల్లి 1844 నాటికే కిందిదవడ మొదటి చర్వణకానికి అప్పుడప్పుడు ఉండే మూడో వేరును వర్ణించారు. అమెరికాలో గ్రీన్ వార్డిమన్ బ్లాక్ 1890లో ప్రచురించిన దంత శరీరనిర్మాణ గ్రంథం తరువాతి తరాలకు ప్రామాణికమైంది. ఆనాటి పద్ధతి సరళమైనది. ఊడిన పన్నును రంపంతో కోయాలి, లేదా అరగదీయాలి, ఆపై కంటితో చూడాలి. కోసినచోట కనబడేది స్పష్టంగానే ఉంటుంది. అయితే కోతకు కోతకు మధ్య ఏముందో ఊహించుకోవలసిందే.

ఈ లోపాన్ని పూరించడానికి పోతపోసే పద్ధతి వచ్చింది. 20వ శతాబ్దం ఆరంభంలో స్విట్జర్లాండ్‌కు చెందిన గుస్తావ్ ప్రైస్‌వెర్క్ తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహాన్ని నాళాల్లోకి పోసి, చుట్టూ ఉన్న పన్నును తొలగించి, నాళాల ఆకారాన్ని లోహపు అచ్చుగా బయటికి తీశారు. మైనపు నమూనా చుట్టూ మట్టి మెత్తి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కంచు పోసే శిల్పుల పద్ధతిని ఇది గుర్తుకు తెస్తుంది. ఇక్కడ ఆ ఖాళీని ప్రకృతే తయారుచేసి ఉంచింది.

ఈ మార్గంలో శిఖరప్రాయమైన కృషి జూరిక్‌కు చెందిన వాల్టర్ హెస్‌ది. ఆయన లోహానికి బదులు రబ్బరును వాడారు. రబ్బరును నాళాల్లోకి ఒత్తిడితో పంపి, వేడితో గట్టిపరచి, పన్నును ఆమ్లంలో కరిగించారు. మిగిలినది నాళాల రబ్బరు ప్రతిరూపం. 3,000కు దరిదాపుల సంఖ్యలో పళ్ళను ఈ విధంగా పరిశీలించి 1917లో జర్మన్ భాషలో ఫలితాలు వెల్లడించారు. ఎర్నెస్ట్ జూర్షర్ అధ్యయనంతో కలిపి 1925లో అది ఆంగ్ల గ్రంథంగా వెలువడింది. ఆ చిత్రాల్లో చర్వణకాల నాళాలు వాననీటికి కోసుకుపోయిన నేలమీది పాయల్లా, లెక్కలేనన్ని చీలికలతో కనబడతాయి. పైదవడ మొదటి చర్వణకాల్లో సుమారు సగానికి నాలుగు నాళాలున్నాయని హెస్ అప్పుడే గమనించారు. ఆ తరువాత రెండేళ్ళకు, 1927లో, జపాన్‌కు చెందిన ఒకుమురా పన్నుకు రంగు ఎక్కించి పారదర్శకం చేసే పద్ధతితో నాళాలను వర్గీకరించారు.

అంటే నాలుగో నాళం అరుదైనది కాదని 1920ల నాటికే శాస్త్రానికి తెలుసు. అయితే ఈ పద్ధతులన్నింటికీ ఒకే షరతు ఉంది. పన్ను నోటి బయట ఉండాలి. పరీక్ష ముగిసేసరికి చాలాసార్లు ఆ పన్నే మిగలదు. రోగికి అవసరమైనది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆయన పన్ను నోటిలోనే ఉండాలి, దాని లోపలి సంగతి వైద్యుడికి తెలియాలి.

4. వైద్యశాల మార్గం: నీడచిత్రం:

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. డిసెంబర్ 28న సమర్పించిన ఆయన పత్రం 1896 జనవరి మొదటి వారంలో ప్రపంచానికి తెలిసింది. అదే నెలలో బ్రౌన్‌ష్వైగ్ నగరపు దంతవైద్యుడు ఒటో వాల్క్‌హాఫ్ ఒక గాజు ఫొటో పలకను నల్లకాగితంలో, రబ్బరులో చుట్టి నోటిలో పెట్టుకున్నారు. రసాయనవేత్త ఫ్రీడ్రిష్ గీసెల్ ఆయనకు సహకరించారు. కిరణాలు పడవలసిన సమయం 25 నిమిషాలు. అంతసేపు కదలకుండా ఉండడం హింసే అయినా పలకమీద పళ్ళ రూపం చూసినప్పటి ఆనందం దాన్ని మరిపించిందని ఆయన తరువాత చెప్పుకున్నారు.

అమెరికాలో ఈ విద్యను తొలిగా చేపట్టిన దంతవైద్యుల్లో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఎడ్మండ్ కెల్స్ ముఖ్యులు. 1896 జూలైలో నార్త్ కరొలినా రాష్ట్రంలోని ఆష్‌విల్‌లో జరిగిన వృత్తిసంఘ సమావేశంలో ఆయన ఎక్స్-రే యంత్రాన్ని ప్రదర్శించారు. 1899లో మరో అడుగు వేసి, నాళంలో సీసపు తీగను ఉంచి ఎక్స్-రే తీశారు. సీసం కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి తీగ ఎంతదూరం వెళ్ళిందో, నాళం ఎంత పొడవుందో చిత్రంలో తెలిసింది. మూలనాళ చికిత్సకు ఎక్స్-రేను కొలమానంగా వాడడం ఇక్కడ మొదలైంది. నాళాన్ని నింపడం సరిగా జరిగిందో లేదో ఎక్స్-రేతో నిర్ధారించుకోవాలని 1901లో వెస్టన్ ప్రైస్ సూచించారు.

వంగిన అంగిలి దగ్గర ఫిల్మును ఎలా ఉంచినా నీడ పొడవు పెరగడమో తగ్గడమో జరిగేది. పన్నుకూ ఫిల్ముకూ మధ్య ఏర్పడే కోణాన్ని సమంగా విభజించే ఊహారేఖకు లంబంగా కిరణాన్ని పంపితే నీడ పొడవు పన్ను పొడవుతో సరిపోతుందన్న రేఖాగణిత నియమాన్ని 1907లో చెషిన్‌స్కీ రూపొందించారు. 1910లో క్లార్క్ మరో ఉపాయం చెప్పారు. కిరణాల దిశను పక్కకు జరిపి రెండోసారి చిత్రం తీస్తే ఫిల్ముకు దూరంగా ఉన్న వస్తువు నీడ ఒకవైపుకు, దగ్గరగా ఉన్నదాని నీడ మరొకవైపుకు జరిగినట్లు కనబడుతుంది. ఆయన దీన్ని దవడలో ఇంకా మొలవని పళ్ళ స్థానం తెలుసుకోవడానికి ప్రతిపాదించారు. ఒకదాని వెనక ఒకటి దాగిన వేర్లను, నాళాలను విడదీసి గుర్తించడానికి కూడా తరువాతి కాలంలో అదే సూత్రం ఆధారమైంది. దంతవైద్య విద్యార్థులు నేటికీ దీన్ని నేర్చుకుంటున్నారు.

ఈ ఉపాయాలన్నీ నీడ లక్షణం నుంచి పుట్టినవే. ఎక్స్-రే చిత్రం పన్నుకు నీడ మాత్రమే. మూడు కొలతల వస్తువు రెండు కొలతల తలంపై పడినప్పుడు కిరణమార్గంలో ముందూవెనకా ఉన్నవన్నీ ఒకదానిపై ఒకటి పడిపోతాయి. నోటిలో కిరణాలు బుగ్గవైపు నుంచి లోపలికి ప్రయాణిస్తాయి. పైదవడ చర్వణకపు ముందు వేరులోని రెండు నాళాలు సరిగ్గా ఆ వరుసలోనే ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందువల్ల రెండు నాళాలు ఒకే గీతగా కనబడతాయి. పక్కనుంచి తీస్తే రెండూ విడివిడిగా తెలుస్తాయి, కాని నోటిలో పక్కన మరో పన్ను అడ్డుగా ఉంటుంది. 1972లో పినెడా, కుట్లర్ 7,275 మూలనాళాలను రెండు దిశల నుంచీ ఎక్స్-రే తీసి పరిశీలించగలిగారంటే, అవి ఊడిన పళ్ళు కావడమే కారణం.

5. చూపుకు చెల్లించిన మూల్యం:

తొలితరం ఎక్స్-రే వైద్యులకు కిరణాల ప్రమాదం తెలియదు. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి తమ చేతినే కిరణాలకు అడ్డుపెట్టి, తెరమీద ఎముకల నీడ ఎంత స్పష్టంగా ఉందో చూసేవారు. ప్రతి రోగికీ ముందు ఇలా చేసిన కెల్స్ ఎడమచేతికి క్యాన్సర్ సోకింది. ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. మొదట వేళ్ళు, తరువాత చేయి, చివరికి భుజం దాకా తీసివేశారు. బాధ భరించలేని స్థితిలో 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

హెచ్చరిక లేకపోలేదు. బోస్టన్ దంతవైద్యుడు విలియం రోలిన్స్ 1901లో గినీ పందులపై ప్రయోగాలు చేసి ఎక్స్-కిరణాలు ప్రాణాంతకమని చూపారు. యంత్రపు గొట్టాన్ని కిరణాలు చొరబడని పెట్టెలో ఉంచాలని, వైద్యుడు సీసం కలిపిన అద్దాలు ధరించాలని, రోగి శరీరంలో అవసరంలేని భాగాలను కప్పాలని సూచించారు. ఆయన మాటను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నేటి దంతవైద్యశాలల్లో కనబడే జాగ్రత్తలకు మూలం ఆయన సూచనల్లోనే ఉంది.

రోగులు చెల్లించిన మూల్యం మరో రకమైనది. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం దంతవైద్యాన్ని కుదిపివేసింది. బంగారు తొడుగుల కింద దాగిన చీము శరీరమంతటా రోగాలకు కారణమని ఆయన ఆరోపించారు. కీళ్ళనొప్పుల నుంచి గుండెజబ్బుల దాకా పంటినే దోషిగా నిలబెట్టే ధోరణి బలపడింది. ఇక్కడ ఎక్స్-రే రెండు పక్షాలకూ సాక్షి అయింది. వేరు కొన దగ్గర కనబడే నల్లని మచ్చను చూపి కొందరు పళ్ళు పీకించారు. చికిత్స తరువాత అదే మచ్చ మాసిపోవడాన్ని చూపి మరికొందరు పన్నును నిలబెట్టుకోవచ్చని వాదించారు. తొలినాళ్ళలో ఎక్స్-రేను సమర్థించిన వెస్టన్ ప్రైసే తరువాత మొదటి పక్షానికి ప్రముఖ ప్రతినిధి అయ్యారు. ఆ దశాబ్దాల్లో పళ్ళు పోగొట్టుకున్నవారు అసంఖ్యాకులు.

చిత్రంలో మచ్చ లేకపోతే రోగం లేనట్లేనా అన్న ప్రశ్నకు 1961లో బెండర్, సెల్ట్‌జర్ జవాబిచ్చారు. ఎముక లోపలి మెత్తని భాగానికే పరిమితమైన నష్టం మామూలు ఎక్స్-రేలో కనబడకపోవచ్చునని వారు ప్రయోగపూర్వకంగా చూపారు. కనబడకపోవడం, లేకపోవడం ఒకటి కావన్న ఈ సూత్రం నాళాల విషయంలోనూ వర్తిస్తుంది.

6. నాలుగో నాళం: సంఖ్యలు మారిన తీరు:

హెస్ 1920లలోనే చెప్పిన నాలుగో నాళం చికిత్సాగ్రంథాల్లో చాలాకాలం మినహాయింపుగానే మిగిలింది. ఎక్స్-రే మూడు నాళాలనే చూపేది. వైద్యుడు మూడింటినే వెదికేవాడు. వెదికిన మూడూ దొరికేవి. ఈ వలయాన్ని ఛేదించినది 1969లో ఫ్రాంక్లిన్ వైన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన. వారు 208 పైదవడ మొదటి చర్వణకాల ముందు వేర్లను కోసి చూశారు. వాటిలో సగానికి కాస్త మించి రెండు నాళాలు కనబడ్డాయి. ఈ పన్నుకు చేసిన చికిత్సలు కారణం తెలియకుండా విఫలం కావడానికి ఈ దొరకని నాళమే హేతువు కావచ్చునని వారు సూచించారు. 1984లో వెర్టుచ్చి 2,400 పళ్ళకు రంగు ఎక్కించి, పారదర్శకం చేసి, నాళాల అమరికను ఎనిమిది రకాలుగా విభజించారు. ఆ వర్గీకరణ నేటికీ వాడుకలో ఉంది.

1990లో కులిల్డ్, పీటర్స్ చేసిన అధ్యయనం చరిత్రకారులకు మరింత ఆసక్తికరమైనది. వారు 83 పైదవడ మొదటి, రెండో చర్వణకాలను తీసుకుని, నాలుగో నాళం కోసం మూడు దశల్లో వెదికారు. చేతి పరికరాలతో వెదికినప్పుడు 54.2 శాతం పళ్ళలో దొరికింది. చిన్న బర్ యంత్రంతో డెంటిన్‌ను తొలిచి చూసినప్పుడు మరో 31.3 శాతంలో బయటపడింది. సూక్ష్మదర్శినిని ఆశ్రయించాక ఇంకో 9.6 శాతంలో తేలింది. మొత్తం మీద ఆ నాళం 95.2 శాతం వేర్లలో ఉందని వారు తేల్చారు.

ఈ అంకెలను వరుసగా చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. 1925కు, 1990కి మధ్య మానవుల పళ్ళు మారలేదు. ఒకే పళ్ళపై, ఒకే పరిశోధకులు, ఒకే అధ్యయనంలో సాధనం మార్చినకొద్దీ సంఖ్య పెరిగింది. కాబట్టి ఏ సంఖ్యనైనా దాన్ని ఇచ్చిన సాధనంతో కలిపి చదవాలి. ఒక శాసనంలోని పాఠాన్ని అచ్చుముద్ర ఆధారంగా చదివినప్పుడు, రాతి దగ్గరికే వెళ్ళి పక్కవాటు వెలుతురులో చదివినప్పుడు అక్షరాల సంఖ్యలో తేడా రావడం సాహిత్య పరిశోధకులకు తెలిసినదే. ఇక్కడ జరిగినదీ అటువంటిదే.

7. పొరలు పొరలుగా చూడడం:

నీడలో కలిసిపోయినవాటిని విడదీయాలంటే అనేక దిశల నుంచి నీడలు తీసి, గణితం ద్వారా వస్తువును తిరిగి నిర్మించాలి. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన కంప్యూటెడ్ టోమోగ్రఫీ చేసినది ఇదే. 1971లో తొలి రోగిపై దీన్ని ప్రయోగించారు. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఆ యంత్రాలు తలను, శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మిల్లీమీటరులో పదోవంతు స్థాయిలో ఉండే నాళానికి వాటి చూపు చాలదు. 1990లో తాచిబానా, మత్సుమోతో ఈ సాధనాన్ని మూలనాళ చికిత్సకు వాడి చూశారు. కిరణాల మోతాదు, ఖర్చు ఎక్కువ కావడం, స్పష్టత తక్కువ కావడం వల్ల అది నిత్యవాడుకలోకి రాలేదు.

ఈలోగా 1980ల చివర ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ మూయెన్ ఫిల్ముకు బదులు ఎలక్ట్రానిక్ సెన్సర్‌ను నోటిలో ఉంచే విధానాన్ని ప్రవేశపెట్టారు. చిత్రం వెంటనే తెరమీదకు వచ్చింది, కిరణాల మోతాదు తగ్గింది. అయినా అది కూడా నీడే.

అసలు మార్పు కోన్ బీమ్ పద్ధతితో వచ్చింది. శంఖువు ఆకారంలో వెదజల్లిన కిరణాలు తల చుట్టూ ఒకసారి తిరిగేసరికి కావలసిన సమాచారమంతా సేకరించే పద్ధతి ఇది. ఇటలీలోని వెరోనాకు చెందిన మొజ్జో బృందం 1998లో, జపాన్‌లో అరాయ్ బృందం 1999లో దంతవైద్యానికి అనువైన ఇటువంటి యంత్రాలను వివరించారు. అరాయ్ యంత్రం కొన్ని పళ్ళకే పరిమితమైన చిన్న ప్రాంతాన్ని చిత్రించేది. మూలనాళ చికిత్సకు కావలసినది సరిగ్గా అదే. దీనితో తొలిసారిగా నోటిలో ఉన్న చర్వణకాన్ని అడ్డుకోతలో, పైనుంచి కిందికి పొరలు పొరలుగా చూడగలిగారు. హెస్ రబ్బరుతో, వైన్ రంపంతో చూసినదాన్ని పన్ను పీకకుండానే చూసే అవకాశం వచ్చింది.

2008లో మాథర్న్ బృందం 72 ఊడిన పళ్ళపై ఈ రెండు చూపులను పోల్చింది. పైదవడ చర్వణకాలతో పాటు ఇతర పళ్ళూ అందులో ఉన్నాయి. మామూలు డిజిటల్ ఎక్స్-రేలు చూసిన మూలనాళ నిపుణులు సగటున ప్రతి పది పళ్ళలో సుమారు నాలుగింట కనీసం ఒక నాళాన్ని గుర్తించలేకపోయారు. లోపం నిపుణుల శిక్షణలో లేదు. వారి ముందున్న చిత్రంలో ఆ నాళం విడిగా లేదు.

8. జూరిక్‌కు తిరిగి: సూక్ష్మ టోమోగ్రఫీ:

ప్రయోగశాల మార్గం కూడా ఈ కాలంలో ఆగిపోలేదు. లండన్‌లో ఇలియట్, డోవర్ 1982లో ఒక చిన్న నత్తగుల్లను చిత్రించి సూక్ష్మ టోమోగ్రఫీకి నాంది పలికారు. 1995లో నీల్సన్ బృందం దాన్ని పైదవడ చర్వణకాల నాళాలకు అన్వయించింది. పన్నును నాశనం చేయకుండా, చికిత్సకు ముందూ తరువాతా అదే నాళాన్ని పోల్చే వీలు దీనితో కలిగింది.

హెస్ పనిచేసిన జూరిక్ నగరంలోనే 2001లో ఓవ్ పీటర్స్ బృందం ఈ పోలిక చేసింది. ఊడిన పైదవడ చర్వణకాల నాళాలను ఆధునిక నికెల్-టైటానియం పరికరాలతో శుభ్రపరచి, ముందూ వెనకా చిత్రించారు. ఏ పద్ధతి వాడినా నాళపు గోడల్లో 35 శాతం లేదా అంతకుమించిన భాగాన్ని పరికరం తాకనేలేదు. నాళం గుండ్రని గొట్టం కాకపోవడం, పరికరం మాత్రం గుండ్రంగా తిరగడం ఇందుకు కారణం. నాళాన్ని కనుగొన్నంత మాత్రాన పని పూర్తి కాదని, తాకలేని మూలలకు మందు ద్రవాలే చేరాలని ఈ ఫలితం స్పష్టం చేసింది.

కిందిదవడ రెండో చర్వణకం మరో ఉదాహరణ. అందులో కొన్నిసార్లు నాళాలు విడివిడిగా ఉండక, అడ్డుకోతలో ఆంగ్లాక్షరం 'సి' ఆకారంలో ఒకే చీలికగా కలిసి ఉంటాయి. 1979లో కుక్, కాక్స్ దీన్ని వివరించారు. ఇది తూర్పు ఆసియా ప్రజల్లో ఎక్కువగా కనబడుతుంది. కారబెల్లి వర్ణించిన మూడో వేరు కూడా ఆ ప్రజల్లోనే అధికం. 1971లో క్రిస్టీ టర్నర్ ఈ మూడో వేరును అమెరికా ఆదివాసుల మూలాలను అన్వేషించడానికి ఆధారంగా తీసుకున్నారు. ఐరోపా పళ్ళ ఆధారంగా రాసిన పాఠ్యగ్రంథం ప్రపంచంలోని అన్ని నోళ్ళకూ సరిపోదని దీనివల్ల తెలుస్తుంది. 2010లో ప్రసన్న నీలకంఠన్ బృందం భారతీయుల పైదవడ చర్వణకాలపై కోన్ బీమ్ అధ్యయనం ప్రచురించడానికి గల ప్రాధాన్యం కూడా ఇదే.

9. త్రిమితీయ చిత్రణ పరిమితులు, పరిభాష:

కొత్త చూపుకూ పరిమితులున్నాయి. కోన్ బీమ్ చిత్రణలో కిరణాల మోతాదు ఒక మామూలు పంటి ఎక్స్-రే కంటే ఎక్కువ. లోహపు తొడుగులు, పాత చికిత్సలో నింపిన పదార్థాలు చిత్రంలో చారలు, నీడలు సృష్టించి, లేని నాళాన్ని ఉన్నట్లు, ఉన్నదాన్ని లేనట్లు చూపవచ్చు. అందుకే అమెరికాలోని మూలనాళ నిపుణుల సంఘం, దంత రేడియాలజీ అకాడమీ 2010లో విడుదల చేసి 2015లో సవరించిన ఉమ్మడి ప్రకటన దీన్ని అందరికీ యథాలాపంగా వాడరాదని చెప్పింది. అదనపు నాళాలు, జటిల నిర్మాణం ఉండవచ్చని అనుమానమున్నచోట చిన్న ప్రాంతానికి పరిమితమైన చిత్రణను ఎంచుకోవాలని సూచించింది. రోలిన్స్ హెచ్చరిక నూరేళ్ళ తరువాత నియమంగా స్థిరపడిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

భాష విషయంలోనూ ఒక పరిశీలన అవసరం. తెలుగు వాడుకలో ఈ చికిత్సను 'రూట్ కెనాల్' అనీ, 'పంటి నరం తీయడం' అనీ అంటారు. రెండో మాట రోగికి వెంటనే అర్థమవుతుంది. అయితే పంటిలో ఒకే నరం ఉందని, దారంలా లాగివేస్తే పని అయిపోతుందని అది స్ఫురింపజేస్తుంది. ఎక్స్-రే నీడ అనేక నాళాలను ఒకే గీతగా చదును చేసినట్లే, ఈ మాట ఒక వ్యవస్థను ఒక దారంగా చదును చేస్తుంది. చికిత్సకు రెండు మూడుసార్లు ఎందుకు రావాలో, ఎక్స్-రే మళ్ళీ ఎందుకు తీస్తారో, చికిత్స అయిన పన్ను మళ్ళీ ఎందుకు నొప్పి పెట్టవచ్చో ఈ మాటతో వివరించలేం. 'మూలనాళం', 'మూలనాళ వ్యవస్థ' అన్న పదాలను జనవిజ్ఞాన రచనల్లో వాడుకలోకి తెస్తే రోగి, వైద్యుడు మాట్లాడుకునే మాటకు, చిత్రం చూపే సత్యానికి మధ్య దూరం తగ్గుతుంది.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. చర్వణకాల మూలనాళాల సంక్లిష్టత 1920ల నాటికే ప్రయోగశాలలో తెలుసు. వైద్యశాలలోని ఎక్స్-రే దాన్ని చూపలేకపోవడం వల్ల ఆ జ్ఞానం చికిత్సలో ప్రతిఫలించడానికి దశాబ్దాలు పట్టింది.

2. నాలుగో నాళం ఉనికికి సంబంధించి కాలక్రమంలో పెరిగిన సంఖ్యలు సాధనాల మార్పును సూచిస్తాయి. సాధనాన్ని పేర్కొనకుండా సంఖ్యను మాత్రమే ఉటంకించడం శాస్త్రీయం కాదు.

3. కోన్ బీమ్ టోమోగ్రఫీ నోటిలోని పన్నును పొరలుగా చూపి రెండు మార్గాలను దగ్గరచేసింది. కిరణాల మోతాదు, లోహాల వల్ల వచ్చే చిత్రదోషాలు, పరికరం తాకలేని గోడలు ఆ సామీప్యానికి హద్దులు.

4. చూపు విస్తరించిన ప్రతిదశలో ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు. కెల్స్ చేయి, అనవసరంగా పళ్ళు పోగొట్టుకున్న రోగుల బాధ ఈ చరిత్రలో భాగంగానే నమోదు కావాలి.

పంటిలో నాలుగో నాళం ఎప్పుడూ ఉంది. దాన్ని వెదకడానికి వైద్యుడు ముందుగా తన ముందున్న చిత్రాన్ని శంకించవలసి వచ్చింది. ఆధారాన్ని గౌరవిస్తూనే దాని హద్దును గుర్తుపెట్టుకోవడం దంతవైద్యుడికి ఎంత అవసరమో చరిత్ర పరిశోధకుడికీ అంతే అవసరం.